ల్యాబ్ గుమ్మంలో చెప్పుల జత

చెప్పులు ఉన్నాయి. అమ్మాయి లేదు.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. సికింద్రాబాద్‌లో ప్యాట్నీ దగ్గర ఒక మూడంతస్తుల మేడ. రెండో అంతస్తులో 'సుమేధ కంప్యూటర్స్'. ల్యాబ్ తలుపు మీద ఒక బోర్డు. 'చెప్పులు బయట విడువవలెను. దుమ్ము కంప్యూటర్లకు శత్రువు.' బోర్డు కింద చెక్క అర. ఆ అరలో నీలం పట్టీల చెప్పులు ఒక జత.

ఎస్సై గంగాదేవి వంగి చూసింది. ఎడమ చెప్పు పట్టీ ఎప్పుడో తెగింది. దాన్ని లావు దారంతో గట్టిగా కుట్టారు. చెప్పులు కుట్టేవాళ్లు వాడే దారం కాదది.

"ఇవి మీ అమ్మాయివేనా?"

"నా బిడ్డవే మేడమ్. ఆ కుట్టు నేనే ఏసిన. సీటు కవర్ల దారం," అన్నాడు ఇమామ్.

ఇమామ్‌కి బోయిగూడలో స్కూటర్ సీట్ కవర్ల దుకాణం ఉంది. రాత్రంతా కూతురి కోసం తిరిగిన మనిషి. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కనే ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ బాబూరావు నిలబడి ఉన్నాడు. ఇమామ్ అతని వైపు చూడటం లేదు. చూస్తే నోటికి ఏం మాట వస్తుందో తనకే భయం.

"ఆఖరిసారి ఎక్కడ చూశావు?"

"గీ పైన హాల్ల. స్టేజీ మీద. అందరి ముంగట మెహనాజ్ దొంగ అన్నరు. అది నా దిక్కు చూసింది. నేను తల కిందికేసుకున్న." ఇమామ్ ఆగాడు. "గప్పుడే ఉరికింది. చెప్పులు సుత ఏసుకోలె."

ఆ మనిషి తన శిక్ష తనే వేసుకుంటున్నాడు.

ఊరంతా కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులవి. గోడ కనబడితే చాలు, కోర్సు పోస్టరు. ఆ ఏడు డిసెంబరు దాటితే తేదీలు తారుమారై ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని పేపర్లు రోజూ బెదిరించేవి. ఆ పిచ్చిలో ఒక మంచి పని కూడా జరిగింది. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డిగ్రీ చదివే ఆడపిల్లలకు ఏటా ప్రోగ్రామింగ్ పోటీ పెడుతోంది. పోటీకి ముందు ఆర్నెల్లు సుమేధలో ఉచిత శిక్షణ. చదివే పిల్లలకు దారి చూపడానికి కంపెనీ నుంచి ఒక మెంటర్. గెలిచిన అమ్మాయికి ట్రైనీ ఉద్యోగం. ఉన్నది ఒక్కటే సీటు.

ఆదివారం ఫైనల్ జరిగింది. మెహనాజ్ అందరికన్నా ముందు ముగించింది. ఒక్క తప్పు లేదు. తర్వాత ఫ్లాపీలు పరిశీలించారు. ఆమె ఫ్లాపీలో ఒక ఫైలు బయటపడింది. అందులో ఫైనల్ ప్రశ్న ఉంది. జవాబు కూడా ఉంది. ముందు రోజే రాసి పెట్టుకున్నది.

బాబూరావు ఆ పిల్లను ల్యాబ్‌లోంచి అలాగే చెయ్యి పట్టుకుని పై అంతస్తు హాల్లోకి తీసుకెళ్లాడు. స్టేజీ ఎక్కించాడు. మైకులో చెప్పేశాడు. హాలు నిండా తల్లిదండ్రులు.

"అమ్మాయి దొరికిందా మేడమ్?" అన్నాడు బాబూరావు, తన గదిలో కుర్చీ చూపిస్తూ.

"దొరికితే నేనిక్కడెందుకుంటాను? ఫ్లాపీలు ఎక్కడ పెడతారు?"

"ల్యాబ్‌లో పాఠం చెప్పే సూరి టేబుల్ మీద పెట్టెలో. పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లనివ్వం. వైరస్‌లు తెస్తారు."

"పెట్టెకి తాళం?"

"ఉందండీ. తాళంచెవి పక్కనే మేకుకి ఉంటుంది."

గంగాదేవి నిట్టూర్చింది. ఇలాంటి తాళాలను ఆమె ఉద్యోగంలో చాలా చూసింది.

"ఫైలు చూపించండి."

బాబూరావు బల్ల మీద కొత్త కంప్యూటర్ ఉంది. ఇంటర్నెట్ ఉన్నది దానికొక్కదానికే. అతను ఫ్లాపీ దూర్చి ఒక పేరు మీద వేలు పెట్టాడు. "ఇదిగో. తేదీ చూడండి. మొన్న శనివారం. సాయంత్రం 5:40. కంప్యూటర్ అబద్ధం చెప్పదు మేడమ్. పైన తన పేరు కూడా రాసుకుంది."

"దొంగతనం చేసి పైన పేరు రాసుకుందా?"

"ప్రతి ప్రోగ్రాం పైనా పేరు రాయమని మేమే నేర్పుతామండీ. అలవాటు."

"ఆ టైముకి ఎక్కడుంది?"

"ల్యాబ్‌లో. ఒక్కతే. రిసెప్షన్‌లో మేబెల్‌ని అడగండి."

"ప్రశ్న ఆమెకెలా తెలిసింది?"

"ప్రశ్న ఈ కంప్యూటర్‌లోనే ఉంది. గది తీసే ఉంటుంది. పగలు ఎప్పుడో దూరి చూసుంటుంది. సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని జవాబు రాసుకుంది."

"శనివారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

బాబూరావు ముఖం చిన్నబోయింది. "నన్నే అనుమానిస్తున్నారా? నేనూ సూరీ స్కూటర్ మీద జనరల్ బజార్ వెళ్లాం. షీల్డులు కొనడానికి. ఐదింటికి ముందే బయల్దేరాం. వచ్చేసరికి ఏడు దాటింది."

గంగాదేవి కానిస్టేబుల్‌ని బజారుకు పంపింది. గంటలో కబురొచ్చింది. షీల్డుల షాపువాడు ఇద్దర్నీ బాగా గుర్తుపెట్టుకున్నాడు. ఆరున్నర దాకా బేరమాడి తన ప్రాణం తీశారట.

సూరి ల్యాబ్ ఫ్యాకల్టీ. పాతికేళ్లుంటాయి. గోళ్లు కొరుకుతున్నాడు.

"మెహనాజ్ దొరికిందా మేడమ్?"

"లేదు. నువ్వు పాఠం చెప్పిన పిల్ల. నమ్మావా?"

"మొదట నమ్మలేదు. స్క్రీన్ మీద కనబడుతుంటే ఏం చేస్తాను? శనివారం మధ్యాహ్నమే కొత్త ప్రాక్టీస్ లెక్క ఇచ్చాను. బస్సు రూట్లది. సాయంత్రం కూర్చుని చేసేసింది. ఆదివారం పొద్దున ఫ్లాపీలో చూశాను. చక్కగా చేసింది. అలాంటి పిల్లకి దొంగతనం ఏం ఖర్మ?"

అది గంగాదేవికి వచ్చిన ప్రశ్న కూడా.

రిసెప్షన్‌లో మేబెల్. రైల్వే కుటుంబం. నడివయసు, చుక్కల ఫ్రాకు, నీటుగా దువ్విన జుట్టు. ఆమె బల్ల దాటకుండా ఎవరూ డైరెక్టర్ గదిలోకి వెళ్లలేరు.

"శనివారం సాయంత్రం మెహనాజ్ ల్యాబ్‌లోనే ఉందా?"

"యెస్ మేడమ్. ఐదు నుంచి ఆరు ఆమె టైమ్. స్లిప్పర్స్ బయట ఉన్నాయి. సో, ఆమె లోపల ఉంది."

"మధ్యలో డైరెక్టర్ గదిలోకి వెళ్లిందా?"

"నెవర్. ఆరు అయ్యాక ఫ్లాపీ బాక్స్‌లో పెట్టింది. గుడ్ నైట్ చెప్పింది. వెళ్లిపోయింది."

"ఇంకెవరైనా వచ్చారా?"

"బయటివాళ్లు ఎవరూ రాలేదు."

అప్పుడే మెట్లెక్కి ఒక యువతి వచ్చింది. కాటన్ చీర, మెడలో కంపెనీ బ్యాడ్జి. వస్తూనే గంగాదేవి చెయ్యి పట్టుకుంది. "దొరికిందా మేడమ్? మెహనాజ్ దొరికిందా?"

ఆమె సాయిదుర్గ. కంపెనీలో ఇంజనీరు. ఈ పోటీ పెట్టించినదీ, పిల్లలకు మెంటరుగా ఉన్నదీ, ఫైనల్ ప్రశ్న తయారు చేసినదీ ఆమే.

"మీదేవూరమ్మా?" అని అడిగింది గంగాదేవి. మాటలో యాస పోల్చుకుంది.

"బొబ్బిలి."

"మాది నరసన్నపేట."

పరాయి ఊళ్లో మనూరి మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది. గంగాదేవి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల ఇంట్లోంచి ఉద్యోగానికి వెళ్లిన మొదటి ఆడది సాయిదుర్గేనట. కంప్యూటర్ కోర్సుకి పంపమని తండ్రి ముందు మూడు రోజులు అన్నం మానేసిందట.

"ముందు పిల్లని వెతకండి మేడమ్. మిగతావన్నీ తర్వాత. అది ఏదైనా చేసుకుంటే..." సాయిదుర్గ కళ్లు తుడుచుకుంది.

"మీరు వాళ్లకి ఎప్పుడెప్పుడు పాఠం చెప్తారు?"

"నెలకోసారి వస్తాను. మిగతాదంతా ఈమెయిల్. మేబెల్ ఆ గదిలో ఇంటర్నెట్ కలిపిస్తే వాళ్లు నాకు రాస్తారు."

"వచ్చినప్పుడు ల్యాబ్‌లో కూర్చుంటారా?"

"లేదండీ. డైరెక్టర్ గారి గదిలోనే. ఏసీ అక్కడుంది. పిల్లల్నే అక్కడికి పిలుస్తాను."

గంగాదేవి తలూపింది. లేచి కిటికీ దగ్గరికెళ్లింది. కింద రోడ్డు మీద జనం. ఆగస్టు వచ్చినా వాన లేదు. తారు రోడ్డు సెగలు కక్కుతోంది. ఆ రోడ్డు మీద చెప్పుల్లేని పిల్ల ఎంత దూరం పోగలదు?

ఆమె వెనక్కి తిరిగి నేరుగా మేబెల్ బల్ల దగ్గరికి వచ్చింది.

"మీ ఇల్లెక్కడ?"

"బొల్లారం. వై?"

"పదండి, చూసొద్దాం."

"మా ఇంట్లో ఏముంది మేడమ్?"

"పొద్దున్నుంచి ఈ మేడలో నాకు ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ ఒకటే అడిగారు. అమ్మాయి దొరికిందా అని. మీరొక్కరే అడగలేదు."

మేబెల్ బల్ల మీది పెన్నులు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది.

*

చిన్న పెంకుటిల్లు. ముందు గది. మంచం మీద మెహనాజ్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు పాదాలకూ గుడ్డ కట్లు. పోలీసు యూనిఫాం చూడగానే కాళ్లు ముడుచుకుంది.

"నిన్న నేను ఇంటికొస్తుంటే క్లాక్ టవర్ దగ్గర నడుస్తోంది మేడమ్. బొబ్బలు. ఎక్కడికి అంటే ఆన్సర్ లేదు," అంది మేబెల్. "ఎవరికీ చెప్పొద్దని ప్రామిస్ చేయించుకుంది. వాట్ కుడ్ ఐ డూ?"

గంగాదేవి మంచం అంచున కూర్చుంది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ సంగతి దాచుకోలేదు.

"బతికించావే తల్లీ. మీ నాన్న అక్కడ చచ్చిపోతున్నాడు. ఇంటికి పద."

"నేను పోను మేడమ్."

"ఎందుకు?"

"పోతే మళ్ల బయటికి రానియ్యరు. దొంగ అన్నంక ఎట్ల పంపుతరు? కాలేజీ బంద్. కంప్యూటర్ బంద్. అంతా బంద్."

"రాత్రి ఇంటికి రాని పిల్ల గురించి ఊరు ఇంకో మాట కూడా అంటుంది. ఆలోచించావా?"

మెహనాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆలోచించినట్టే ఉంది. "గా ఫైలు నాది కాదు మేడమ్. అల్లా కసమ్."

"మరి ఒక్క తప్పు లేకుండా అంత తొందరగా ఎలా రాశావు?"

"ఇంట్ల కంప్యూటర్ లేదు గద. కాయితం మీద రాస్త. నేనే కంప్యూటర్ అనుకొని ఒక్కో లైను నడిపిస్త. ల్యాబుల వారానికి రెండు గంటలే దొరుకుతది. తప్పులు చేసే టైం ఏడిది?"

గంగాదేవికి నవ్వూ బాధా కలిసి వచ్చాయి. ఇల్లు నిండా సౌకర్యాలున్నవాళ్లకు ఈ మాట అర్థం కాదు. అందుకే వాళ్లకు అది దొంగతనంలా కనిపించింది.

"నీ మీద ఎవరికైనా కోపం ఉందా?"

"ఎవ్వలకు లేదు."

"నీ కష్టం సుఖం ఎవరికి చెప్పుకుంటావు?"

"సాయిదుర్గ మేడంకు. అన్నీ రాస్త. మేడం లేకుంటే నేను ఫస్ట్ రౌండ్లనే ఇడిసిపెట్టేదాన్ని."

"ఆఖరిసారి ఏం రాశావు?"

మెహనాజ్ తల వంచుకుంది. "అది ఇంటి ముచ్చట మేడమ్. ఇడిసిపెట్టుండ్రి."

గంగాదేవి విడిచిపెట్టింది. అప్పటికి. ఇమామ్‌ని పక్క దుకాణం ఫోన్‌కి పిలిపించి బిడ్డ క్షేమమని చెప్పింది. నాలుగింటికి సుమేధకు రమ్మంది. అవతల అతను ఏడుస్తున్నాడు.

బహుమతుల సభ ఆ సాయంత్రానికి వాయిదా పడింది. ఐదింటికి సీటు ఇంకొకరి పేరున ప్రకటిస్తారు. దొంగ అన్న ముద్ర అంతలోపే చెరగాలి. సీటు ఇంకొకరికి ఇచ్చేశాక మెహనాజ్ మాట వినేవాడెవడు?

*

ఆ ఇంకొకరు కుమారి. కాప్రా నుంచి వస్తుంది. పోటీలో రెండో స్థానం. మెహనాజ్ తప్పుకుంటే లాభపడేది ఈ పిల్లే. శనివారం సాయంత్రం ఎక్కడున్నావని అడిగితే అక్క నిశ్చితార్థంలో ఉన్నానంది. ఫోటోగ్రాఫరుతో సహా వందమంది సాక్షులు.

"నాకు కంప్యూటర్ తెలీదమ్మా," అంది గంగాదేవి. "ల్యాబ్‌లో మీరెలా పని చేస్తారో మొదట్నుంచి చేసి చూపించు."

ఇద్దరూ చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. పాత మెషిన్లు వరసగా ఉన్నాయి. మెహనాజ్ ఎప్పుడూ కూర్చునే చోట కుమారి కూర్చుంది. స్విచ్ వేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కుమారి గంగాదేవి వైపు తిరిగి మాట్లాడుతూనే ఒక మీట రెండుసార్లు నొక్కింది.

"అదేటది? ఏదో అడిగినట్టుంది."

"ఏం లేదు మేడమ్. అది రోజూ అడుగుతుంది. మేం పట్టించుకోం."

"ఆపి మళ్లీ వెయ్యి."

కుమారి మళ్లీ వేసింది. ఈసారి గంగాదేవి ముందుకు వంగి చదివింది. తర్వాత మెహనాజ్ ఫ్లాపీ ఇచ్చి అందులో ఉన్నవన్నీ చూపించమంది. దొరికిన ఫైలొక్కటే కాదు. అన్నీ.

తెర నిండింది. గంగాదేవి పైనుంచి కిందికి చూసింది. కిందినుంచి పైకి చూసింది. పొద్దున బాబూరావు వేలు పెట్టి చూపించింది ఒక్క వరసే. మిగతా వరసలు ఎవరూ చూడలేదు.

ఆమె బయటికొచ్చి మేబెల్‌ని మళ్లీ అడిగింది.

"శనివారం బయటివాళ్లు రాలేదన్నారు. లోపలివాళ్లు?"

మేబెల్ చెప్పింది. ఆ పేరు విన్నాక గంగాదేవి బెంచీ మీద కూలబడింది. ఆ పేరు కాకుండా ఉంటే బాగుండునని ఆమెకు నిజంగా అనిపించింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి మనిషి వస్తే ఎవరూ లెక్కపెట్టరు మరి.

*

నాలుగింటికి అందరూ ల్యాబ్‌లో చేరారు. బాబూరావు, సూరి, సాయిదుర్గ, కుమారి, మేబెల్. గోడ పక్కన స్టూలు మీద మెహనాజ్. ఆమె పక్కన ఇమామ్. తండ్రీ కూతుళ్లు ఇంకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. కానీ అతను కూతురి కట్ల వైపే చూస్తున్నాడు.

"సాయిదుర్గా, ఈ మెషిన్ ఒకసారి ఆన్ చెయ్యమ్మా. మెహనాజ్‌ది," అంది గంగాదేవి.

సాయిదుర్గ కూర్చుంది. స్విచ్ వేసింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆమె చేతి గడియారం చూసుకుని టకటకా ఏదో కొట్టింది.

"ఏం చేశావు?"

"తేదీ అడిగింది. టైం అడిగింది. ఇచ్చాను."

"కుమారీ, నువ్వైతే?"

"ఎంటర్ కొడతాను మేడమ్. రెండుసార్లు."

"తేదీ చెప్పవా?"

"ఎవరం చెప్పం మేడమ్. ఉన్నది గంట. దాన్లో తేదీలు ఎవరు కొడతారు?"

గంగాదేవి సూరి వైపు తిరిగింది. "చెప్పకపోతే ఏమవుతుంది?"

సూరి నోరు తెరిచాడు. అతని ముఖం తెల్లబోయింది. ఏదో ఇప్పుడే వెలిగింది. "ఈ మెషిన్లు పాతవి మేడమ్. లోపల బ్యాటరీలు చచ్చిపోయాయి. స్విచ్ తీస్తే తేదీ మరిచిపోతాయి. మనం చెప్పకపోతే... 1980 జనవరి ఒకటో తేదీ అనుకుంటాయి."

"అయితే ఈ పిల్ల ఆర్నెల్లుగా రాసిన ప్రోగ్రాములన్నీ?"

"1980 జనవరి ఒకటి."

"అప్పటికి పిల్ల పుట్టనే లేదు. ఫ్లాపీలో అన్నీ పుట్టకముందు రాసినవే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మొన్న శనివారంది. గడియారం పెట్టినట్టు 5:40." గంగాదేవి ఆగింది. "సరైన తేదీ ఉందని మీరంతా సాక్ష్యమన్నారు. ఈ గదిలో సరైన తేదీయే తప్పు."

బాబూరావు తేరుకున్నాడు. "ఆ ఒక్కరోజూ తేదీ కొట్టి ఉండొచ్చు కదా?"

"సూరీ, బస్సు రూట్ల లెక్క ఎప్పుడిచ్చావు?"

"శనివారం మధ్యాహ్నం."

"ఎప్పుడు చేసింది?"

"ఆ సాయంత్రమే. ఐదు, ఆరు మధ్య."

"దాని మీద తేదీ?"

సూరి తెర చూశాడు. "1980."

"ఒకే మెషిన్. ఒకే గంట. ఒక ఫైలు 1980లో, ఇంకోటి 1999లోనా? ఆ గంటలో మెహనాజ్ ల్యాబ్ దాటలేదు. చెప్పులే సాక్ష్యం. ఈ మాట మీరే చెప్పారు. మరి ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తయారైంది. తేదీ మరిచిపోని కంప్యూటర్ ఈ మేడలో ఒక్కటే ఉంది. బాబూరావు గారి గదిలో. ఆరు తర్వాత ఫ్లాపీ పెట్టెలోకి వచ్చింది. తాళంచెవి మేకుకి ఉంది. కాపీ చెయ్యడానికి నిమిషం చాలు. కాపీ చేసినా ఫైలు తేదీ మారదట."

గంగాదేవి మేబెల్ వైపు తిరిగింది.

"శనివారం ఆ గదిలో ఎవరున్నారు మేబెల్ గారూ?"

మేబెల్ గొంతు వినీ వినబడనట్టుంది. "సాయిదుర్గ మేడమ్. క్వశ్చన్ పేపర్ ఫైనల్ చేయడానికి. ప్రతిసారీ వస్తారు కదా, నేను చెప్పాలనుకోలేదు."

"ఆదివారం ఫ్లాపీలు తనిఖీ చెయ్యమని ఎవరు చెప్పారు బాబూరావు గారూ?"

బాబూరావు సాయిదుర్గ వైపు చూశాడు.

సాయిదుర్గ ఇంకా ఆ మెషిన్ ముందే కూర్చుని ఉంది. ఏడవలేదు. "ఈ పిల్లని నేనే తయారు చేశాను," అంది మెల్లగా. "ఎవరూ దీన్ని గెలవలేరని నాకు తెలుసు. అదే నా భయం."

"భయమేటి?"

"ఇంతకుముందు ఇద్దర్ని గెలిపించాను. ఒకమ్మాయి ఐదు నెలలకే పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. రెండో అమ్మాయిని అత్తవారు మాన్పించారు. మా కంపెనీ మీటింగ్‌లో నవ్వారు మేడమ్. ఆడపిల్లల మీద డబ్బు పెడితే పెళ్లి కట్నం కింద పోతోందన్నారు. మూడోది కూడా పోతే పోటీ మూసేస్తామన్నారు. కిందటి వారం ఇది నాకు మెయిల్ రాసింది. నల్గొండ నుంచి సంబంధం వచ్చింది, రంజాన్‌కి ముందే నిఖా అంటున్నారని." ఆమె తెర వైపే చూస్తూ అంది. "ఒక్కరి కోసం వెనకాల వచ్చే పిల్లలందరి దారీ మూసుకుపోతుందనిపించింది. చప్పుడు లేకుండా పక్కన పెడతారనుకున్నాను. స్టేజీ ఎక్కిస్తారని అనుకోలేదు."

"ఏటి సాయిదుర్గా!" గంగాదేవికి కోపం ఆగలేదు. పుట్టినూరి యాస తన్నుకొచ్చింది. "నీకోసం నువ్వు మూడ్రోజులు అన్నం మానీసినావు. దీనికోసం ఒక్క గంట ఈ గదిలో కూసోలేకపోయినావా? కూసుంటే తెలిసును, ఇక్కడ తేదీలెవులూ కొట్టరని."

ఆ మాట సాయిదుర్గకి తగిలింది. ఆమె చేతులు ఒళ్లోకి జారిపోయాయి.

అప్పుడు మెహనాజ్ మాట్లాడింది. ఆ రోజు అందరి ముందూ ఆమె మొదటి మాట అదే.

"సంబంధం వచ్చిందని చెప్పనీకి రాయలె మేడమ్. ఒక్కసారి ఇంటికొచ్చి మా అబ్బాతోని మాట్లాడుండ్రి అని రాసిన. కిందికి చదవలేదా?"

"చదివాను," అంది సాయిదుర్గ. "మాట్లాడినా లాభముండదనుకున్నాను."

"ఏం సంబంధం?" ఇమామ్ లేచి నిలబడ్డాడు. "నల్గొండోల్లదా? ఆల్లను నేను పది రోజుల కిందనే వాపస్ పంపిన. పోరి చదువుతున్నది, ఇప్పుడు కాదని చెప్పిన. పరీక్ష నడుస్తుంటె పరేషాన్ ఎందుకని దీనికి చెప్పలె." అతను ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఆఖరికి సాయిదుర్గ దగ్గర ఆగాడు. "నేను మాన్పిస్త అని మీరే అనుకున్నరు. నన్ను ఎవ్వలన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. కూతురు కూడా అడగలేదు. మెహనాజ్ తండ్రి వైపు చూస్తూ ఏడ్చేసింది. అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఈసారి తల దించుకోలేదు.

గంగాదేవి ఇమామ్ వైపు తిరిగింది. "ఇమామ్, ఇది కేసు. ఫిర్యాదు రాస్తే నేను తీసుకుంటాను."

బాబూరావు కంగారుగా ముందుకొచ్చాడు. "మేడమ్, కేసంటే పేపర్లో వస్తుంది. కంపెనీ రేపే పోటీ ఎత్తేస్తుంది. ఈ పిల్లలందరి గతేంటి?"

నిన్న ఆ పిల్లను స్టేజీ ఎక్కించినప్పుడు ఈ బాధ ఎక్కడ పోయిందో. అయినా మాట అబద్ధం కాదు. ఇమామ్ కూతురి వైపు చూశాడు. ఈసారి అడిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. ఏం చేద్దాం?"

మెహనాజ్ కళ్లు తుడుచుకుంది. కుమారి వైపు చూసింది. కుమారి కూడా ఏడుస్తోంది, ఎందుకో తనకే తెలియకుండా.

"కేసు వద్దు. నిన్న యాడ చెప్పిన్రో ఆడనే చెప్పాలె. మైకుల. పేరు పెట్టి చెప్పాలె."

*

ఐదింటికి పై హాల్లో సాయిదుర్గ మైకు ముందు నిలబడింది. ఏదీ దాచలేదు. తను చేసింది చెప్పింది. ఎందుకు చేసిందో చెప్పలేదు. అది సాకు అవుతుందనుకుందేమో. ఈ రాత్రే కంపెనీకి తనే రాసి మెంటరుగా తప్పుకుంటానంది. సీటు మెహనాజ్‌దేనంది. స్టేజీ దిగి, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. గంగాదేవికి ఆమె మీద కోపం తగ్గలేదు. జాలి మాత్రం కలిగింది. ఆ రెండూ ఒకేసారి మోయడం కష్టంగా ఉంది.

కొద్దిమంది చప్పట్లు కొట్టారు. కొద్దిమందే ఉన్నారు. నిన్న ఆదివారం, హాలు కిటకిటలాడింది. ఈ రోజు పనిదినం. ముందు మూడు వరసలు నిండాయి. వెనకంతా ఖాళీ కుర్చీలు.

ఇమామ్ ఆ కుర్చీల వైపు చూస్తూ నిలబడ్డాడు. "నిన్న విన్నోల్లు ఇంత మంది. బోయిగూడ నుంచి సుత వచ్చిన్రు. మిగిలినోల్లకు ఎవలు చెప్తరు మేడమ్?"

దొంగను పట్టుకోవడం వరకే గంగాదేవి ఉద్యోగం. పోయిన పేరును ఇంటింటికీ తిరిగి అప్పగించే డిపార్ట్‌మెంట్ ఏ ఊళ్లోనూ లేదు.

"ఎవ్వలు చెప్పొద్దు," అంది మెహనాజ్. "కాళ్లు మానంగనే నేను రోజు మాదాపూర్ నౌకరికి పోత. మన గల్లీల నుంచే పోత. ఆల్లే చూస్తరు."

గల్లీలో ఎవరెవరు ఏమేమంటారో ఇమామ్‌కి తెలుసు. దుకాణం ముందు ఎవరు ఆగి నవ్వుతారో కూడా తెలుసు. అవన్నీ లోపల ఒకసారి లెక్క చూసుకున్నట్టున్నాడు.

"బస్ పాస్ ఎప్పటిదాక ఉంది?" అని అడిగాడు.

"నెలాఖరు దాక."

"రేపు కొత్తది తీసుకుందాం. ఏడాదిది," అన్నాడు ఇమామ్.